ఎలుక చెప్పలేకపోయిన సంగతి

నేను డాక్టర్ని కాను. పదో తరగతితోనే బయాలజీకి దణ్ణం పెట్టి, ఎంపీసీలో చేరి, ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఇరవై ఏళ్ళకు పైగా సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. అలాంటి నేను ఈ సంచికలో ఒక జబ్బు చరిత్ర గురించి రాయడానికి కారణం మా మిత్రుడి కూతురు. వాళ్ళ అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను.

ఆ పాప 2010లో ఇక్కడే, అమెరికాలో పుట్టింది. పురిటికి సాయం వచ్చిన అమ్మమ్మది తెనాలి. మనవరాల్ని ముద్దుపెట్టుకున్నప్పుడల్లా "ఇదేమిటే, పిల్ల బుగ్గ ఇంత ఉప్పగా ఉంది!" అనేదట. అందరూ నవ్వేవాళ్ళు. పాప ఎంత తిన్నా ఒళ్ళు చేసేది కాదు. దగ్గు పట్టుకుంటే వారాల తరబడి వదిలేది కాదు. ఒకరు ఆస్తమా అన్నారు, ఇంకొకరు ఎలర్జీ అన్నారు. పుట్టినప్పుడు మడమ నుంచి రక్తపు చుక్క తీసి చేసే పరీక్షలో ఏమీ లేదని వచ్చింది కాబట్టి ఎవరూ మరో ఆలోచన చేయలేదు. చివరికి ఆరేళ్ళ వయసులో ఒక డాక్టరుగారు చెమట పరీక్ష చేయించారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అని తేలింది. "మీ ఇండియన్లలో ఇది ఉండదు కదా అనుకున్నాం" అన్నారట ఆస్పత్రిలో.

ఆ మాట నాకు నిద్రపట్టనివ్వలేదు. మా వృత్తిలో ఇలాంటి మాట రోజూ వింటాం. కస్టమర్ దగ్గర ప్రోగ్రాం ఆగిపోతుంది, మా టెస్ట్ సర్వర్ మీద మాత్రం చక్కగా నడుస్తుంది. "మా దగ్గర రావడం లేదండీ" అంటాం. తప్పు కస్టమర్‌ది కాదు. మేము తయారుచేసుకున్న టెస్ట్ సర్వర్ ఆయన ఉన్న పరిస్థితికి నకలు కాదు, అంతే. ఈ జబ్బు గురించి చదువుతూ పోతే, దాని చరిత్ర అంతా సరైన నకలు కోసం వెతుకులాటే అనిపించింది. ఆ వెతుకులాట కథే ఈ వ్యాసం.

ఉప్పు చెప్పిన ఆనవాలు

ముద్దుపెట్టుకుంటే ఉప్పగా తగిలే బిడ్డ ఎక్కువ కాలం బతకదని యూరప్‌లో పాతకాలం నుంచీ ఒక నమ్మకం ఉండేది. తెనాలి అమ్మమ్మ గమనించింది కూడా అదే. కానీ ఆ ఉప్పుకు అర్థం తెలియడానికి చాలాకాలం పట్టింది.

1938లో న్యూయార్క్ బేబీస్ హాస్పిటల్‌లో పనిచేస్తున్న డోరతీ ఆండర్సన్ అనే పాథాలజిస్టు, చనిపోయిన పసిపిల్లల పోస్ట్‌మార్టం వివరాలు పోల్చి చూసి, క్లోమగ్రంథి పాడైపోయే ఒక ప్రత్యేకమైన జబ్బు ఉందని వర్ణించారు. ఆ పేరే స్థిరపడింది. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో తీవ్రమైన ఎండలు కాశాయి. వడదెబ్బతో ఆస్పత్రికి వచ్చిన పిల్లల్లో ఈ జబ్బున్నవాళ్ళు లెక్కకు మించి కనిపించారు. అదే ఆస్పత్రిలోని పాల్ డి సాంట్ ఆగ్నీస్ ఆ ఆధారం పట్టుకుని, వీళ్ళ చెమటలో ఉప్పు మామూలు కంటే చాలా ఎక్కువ ఉంటుందని 1953లో చూపించారు. 1959లో గిబ్సన్, కుక్ అనే ఇద్దరు చెమట సేకరించి పరీక్షించే సురక్షితమైన పద్ధతి కనిపెట్టారు. ఈనాటికీ జబ్బును నిర్ధారించేది ఆ చెమట పరీక్షే.

చంపేది మాత్రం చెమట కాదు, ఊపిరితిత్తుల్లో పేరుకునే జిగురు, అందులో చేరే బ్యాక్టీరియా. అయినా అసలు లోపం ఏమిటో తెలిసింది చెమట గ్రంథిలోనే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త అయిన పాల్ క్వింటన్‌కు స్వయంగా ఈ జబ్బు ఉంది. ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ వల్ల అంతా చిందరవందర అయిపోయి ఉంటుంది, ఏది కారణమో ఏది ఫలితమో తెలియదు. చెమట గ్రంథిలో అయితే జబ్బు ఉంటుంది కానీ గ్రంథి చెడిపోదు. అందుకని ఆయన చర్మం నుంచి తీసిన సన్నటి చెమట నాళాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి కొలిచారు. ఆ నాళం గోడలోంచి క్లోరైడ్ దాటలేకపోతోందని 1983లో ప్రకటించారు. ఉప్పులో సగభాగం క్లోరైడే. అది లోపలికి తిరిగి వెళ్ళలేక చర్మం మీద మిగిలిపోతోంది, అమ్మమ్మ పెదవికి తగిలింది అదే.

ఈ కథలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది. జబ్బు ఎక్కడ ఎక్కువగా బాధపెడుతుందో అక్కడే వెతకాలని లేదు. ఎక్కడ స్పష్టంగా కనిపిస్తుందో అక్కడ వెతకాలి. మేము కూడా ఒక తప్పును పట్టుకోవాలంటే చుట్టూ ఉన్న వ్యవహారమంతా తీసేసి, అది ఒక్కటే కనిపించే అతి చిన్న ప్రోగ్రాం రాసుకుంటాం.

జన్యువు దొరికింది, జంతువు లేదు

1989లో టొరాంటోలోని లాప్ చీ చూయ్, జాక్ రియోర్డన్, మిచిగన్‌లోని ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలు కలిసి జన్యువును పట్టుకున్నాయి. దాని పేరు సీఎఫ్‌టీఆర్. అది తయారుచేసే ప్రొటీన్‌లో 1480 అమైనో ఆమ్లాలు వరుసగా ఉంటాయి. క్లోరైడ్ దాటే గేటు అదే. ఎక్కువమంది రోగుల్లో 508వ స్థానంలో ఉండాల్సిన ఒకే ఒక్క అమైనో ఆమ్లం లేకుండా పోతుంది. దీన్ని ఎఫ్ 508 డెల్ అంటారు. 1480 అక్షరాల కోడ్‌లో ఒక్క అక్షరం ఎగిరిపోయినట్టు.

ఇక మందు కనిపెట్టడమే తరువాయి అనుకున్నారు. కానీ దేని మీద పరీక్షించాలి? ఈ జబ్బు సహజంగా వచ్చే ప్రయోగశాల జంతువేదీ చేతిలో లేదు. అదృష్టవశాత్తూ అప్పుడే చిట్టెలుకలో కోరుకున్న జన్యువును పనిచేయకుండా చేసే విద్య వచ్చింది. ఆ విద్యకే 2007లో మారియో కాపెకీ, మార్టిన్ ఎవాన్స్, ఆలివర్ స్మిదీస్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ స్మిదీస్ పనిచేసిన నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలోనూ, బ్రిటన్‌లోని ఎడింబరోలోనూ 1992లో సిస్టిక్ ఫైబ్రోసిస్ చిట్టెలుకలు పుట్టాయి.

ఎంతో ఆశగా చూశారు. నార్త్ కరోలినా చిట్టెలుకలు చాలావరకు పేగు మూసుకుపోయి చిన్నతనంలోనే చనిపోయాయి. మనుషుల్లోనూ కొందరు పసిపిల్లలకు ఆ సమస్య వస్తుంది కాబట్టి అంతవరకు నకలు సరిగ్గానే ఉంది. కానీ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. మనిషిని చంపే జబ్బు ఎలుకకు రాలేదు. తర్వాత 1994లో మనిషి జన్యువును పేగులో మాత్రమే పనిచేసేలా పెట్టి ఆ చిట్టెలుకలను బతికించారు. బతికినా ఊపిరితిత్తులకు మనుషుల్లో వచ్చే జబ్బు రాలేదు.

ఎందుకు? ఒక కారణం, ఎలుక శ్వాసనాళాల్లో కాల్షియంతో తెరుచుకునే మరో క్లోరైడ్ గేటు బాగా పనిచేస్తుంది. ముందు తలుపు మూసేసినా పెరటి తలుపు ఉంది. రెండోది, శ్వాసనాళాలకు తడినిచ్చే గ్రంథులు మనిషికి ఉన్నంత విస్తారంగా ఎలుకకు లేవు. మూడో కారణం 2016లో బయటపడింది. మనిషి శ్వాసనాళాల్లో ఆమ్లాన్ని బయటికి తోడే ఒక పంపు ఉంటుంది. మామూలుగా సీఎఫ్‌టీఆర్ దాన్ని సరితూగేలా చూస్తుంది. అది లేకపోతే పైపొర ఆమ్లంగా మారి, బ్యాక్టీరియాను చంపే శక్తి తగ్గుతుంది. ఎలుకలో ఆ పంపు దాదాపు లేనే లేదు. శాస్త్రవేత్తలు ఆ పంపును ఎలుకలో పెట్టి చూస్తే, అప్పుడు దాని రక్షణ శక్తి కూడా దెబ్బతింది.

అంటే ఎలుక అబద్ధం చెప్పలేదు. మనం అడిగిన ప్రశ్న దానికి సంబంధించింది కాదు. పేగు గురించి అడిగితే నిజమే చెప్పింది. ఊపిరితిత్తుల గురించి చెప్పలేకపోయింది.

పందిపిల్ల సాక్ష్యం

2008లో అయోవా విశ్వవిద్యాలయంలోని మైకేల్ వెల్ష్ బృందం, మిజోరి విశ్వవిద్యాలయంలోని రాండల్ ప్రాథర్ బృందంతో కలిసి సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పందిపిల్లలను పుట్టించింది. పంది ఊపిరితిత్తులు పరిమాణంలోనూ నిర్మాణంలోనూ మన వాటికి దగ్గర. క్లోమం, కాలేయం, పేగు అన్నిట్లోనూ మనిషి జబ్బు కనిపించింది. మనుషుల్లో కొద్దిమంది శిశువులకే పుట్టుకతో పేగు మూసుకుపోతే, ఈ పందిపిల్లలన్నిటికీ మూసుకుపోయింది. పుట్టగానే ఆపరేషన్ చేస్తే తప్ప బతకవు.

అంత శ్రమకు ఫలితం దక్కింది. జబ్బు మొదలు ఎక్కడ అన్న ప్రశ్న అప్పటికి దశాబ్దాలుగా నలుగుతోంది. ముందు వాపు వచ్చి తర్వాత ఇన్‌ఫెక్షన్ వస్తుందా, లేక ముందు ఇన్‌ఫెక్షనా? అప్పుడే పుట్టిన మనిషి బిడ్డ ఊపిరితిత్తిని తెరిచి చూడలేం కదా. పందిపిల్లలు పుట్టినప్పుడు ఊపిరితిత్తుల్లో వాపు లేదు. కానీ పుట్టిన కొన్ని గంటలకే బ్యాక్టీరియాను తుడిచేసే శక్తి తక్కువగా ఉందని 2010లో చూపించారు. శ్వాసనాళాల తడి ఎక్కువ ఆమ్లంగా ఉండడం అందుకు ఒక కారణమని 2012లో తేల్చారు. ఎలుక మీద 2016లో జరిగిన ప్రయోగానికి దారి చూపింది ఈ పంది ప్రయోగమే.

అయోవాలోనే జాన్ ఎంగెల్‌హార్ట్ బృందం ఫెర్రెట్‌ను ఎంచుకుంది. చూడడానికి మన ముంగిసలా ఉండే చిన్న జంతువు అది. ఊపిరితిత్తుల్లో గ్రంథుల అమరిక మనిషికి దగ్గర. పంది కంటే పెంచడం తేలిక. 2010లో దాని జబ్బు వివరాలు వెలువడ్డాయి. 2019లో ఇంకా ముఖ్యమైన ఫలితం వచ్చింది. మందుకు లొంగే మ్యుటేషన్ ఉన్న ఫెర్రెట్ పిల్లలకు, తల్లి కడుపులో ఉన్నప్పటినుంచే మందు ఇస్తే చాలా అవయవాలు దెబ్బతినకుండా నిలిచాయి. మందు ఆపేస్తే జబ్బు వచ్చింది. కడుపులో ఉండగానే చికిత్స అన్న ఆలోచనకు ఇది బలమిచ్చింది.

మందు పుట్టింది మాత్రం గిన్నెలో

ఇంత చెప్పాక ఒక విచిత్రం చెప్పాలి. ఈ జబ్బు గతి మార్చిన మందులు పంది మీద నుంచో, ఎలుక మీద నుంచో రాలేదు. కణాల మీద నుంచి వచ్చాయి.

ఎఫ్ 508 డెల్ కణాలను మామూలు శరీర వేడి కంటే చల్లగా ఉంచితే, చెడిపోయిన ప్రొటీన్ కొంత పైకి చేరి పనిచేస్తుందని వెల్ష్ బృందం 1992లోనే చూపించింది. అంటే ప్రొటీన్ పూర్తిగా పనికిరానిది కాదు, మడత సరిగ్గా పడటం లేదు. చల్లదనం చేసిన పని ఏదైనా మందు చేయగలదా? లక్షల రసాయనాలు పరీక్షించాలి. లక్షల జంతువులను పెంచలేం. శాన్ డియాగోలోని అరోరా బయోసైన్సెస్ కంపెనీ, సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ డబ్బుతో ఆ పనికి దిగింది. 2001లో ఆ కంపెనీని వెర్టెక్స్ కొనుక్కుంది. మనిషి జన్యువు పెట్టిన ఎలుక కణాలను చిన్న చిన్న గుంటల్లో పెంచి, మెరిసే రంగులతో గేటు తెరుచుకుందో లేదో మరమనిషి చేత చూపించారు.

ఇక్కడ జాగ్రత్త ఏమిటంటే, ఆ జల్లెడలో మిగిలిన వాటిని నేరుగా నమ్మలేదు. మార్పిడి ఆపరేషన్లలో రోగుల నుంచి తీసేసిన ఊపిరితిత్తుల కణాలను పెంచి, వాటి మీద మళ్ళీ పరీక్షించారు. తమకు పనికిరాకుండా పోయిన ఊపిరితిత్తిని తర్వాతి వాళ్ళ కోసం ఇచ్చిపోయిన ఆ రోగుల పేర్లు ఎక్కడా ఉండవు. ఆ రెండో పరీక్ష ఎందుకు అవసరమో 2010లో ఇంకో బృందం చూపించింది. ఒక రకం కణంలో చక్కగా పనిచేసిన రసాయనాలు కొన్ని, మనిషి శ్వాసనాళపు కణాల్లో పనిచేయలేదు.

అలా వచ్చిన ఐవాకాఫ్టర్‌కు 2012 జనవరిలో అమెరికాలో అనుమతి దొరికింది. జి 551 డి అనే మ్యుటేషన్ ఉన్న సుమారు 4 శాతం రోగులకు అది వరమైంది. ఇంకో సంగతి తర్వాత తెలిసింది. ఎలుక సొంత సీఎఫ్‌టీఆర్ ప్రొటీన్ ఈ మందుకు మనిషి ప్రొటీన్‌లా స్పందించదు. ఎలుకనే న్యాయమూర్తిని చేసి ఉంటే ఈ మందును చెత్తబుట్టలో వేసేవాళ్ళు.

కణాలు కూడా మోసం చేయగలవు. ఎఫ్ 508 డెల్ కోసం లూమాకాఫ్టర్, ఐవాకాఫ్టర్ కలిపిన మందు 2015లో వచ్చింది. ఊపిరితిత్తుల సామర్థ్యం సగటున 3 శాతం పాయింట్లు పెరిగింది, అంతే. ఒక కారణాన్ని 2014లోనే రెండు ప్రయోగశాలలు పట్టుకున్నాయి. కణాల మీద ఐవాకాఫ్టర్‌ను కాసేపు వేసి చూస్తే బాగుంది. రోజుల తరబడి ఉంచితే, సరిచేసిన ప్రొటీన్ నిలకడ తగ్గిపోతోంది. రోగి మందును కాసేపు కాదు, రోజూ వేసుకుంటాడు కదా. పది నిమిషాల లోడ్ టెస్ట్‌లో పాసైన సర్వర్ వారం రోజులకు కూలబడటం నాకు బాగా తెలిసిన అనుభవం. ఈ పాఠాలన్నీ దాటి, మూడు మందులు కలిపిన ట్రైకాఫ్టా 2019 అక్టోబరులో వచ్చింది. అమెరికాలో సుమారు పది మందిలో తొమ్మిది మందికి దారి చూపింది.

జాబితాలో లేనివాళ్ళు

ఇప్పుడు మళ్ళీ మా మిత్రుడి ఇంటికి వద్దాం. పుట్టిన పిల్లల రక్తపు చుక్కలో మొదట ఒక ప్రొటీన్ మోతాదు చూస్తారు. అది ఎక్కువగా ఉంటే, చాలా రాష్ట్రాల్లో ముందే ఎంచుకున్న కొన్ని మ్యుటేషన్ల జాబితాతో పోల్చేవారు. ఆ జాబితాలు ప్రధానంగా యూరప్ మూలాలున్న రోగులను చూసి తయారుచేసినవి. సీఎఫ్‌టీఆర్ జన్యువులో ఇప్పటికి రెండు వేలకు పైగా తేడాలు గుర్తించారు. ఇండియాలో జరిగిన పరిశీలనల్లో ఎఫ్ 508 డెల్ వాటా యూరోపియన్లలో కంటే బాగా తక్కువ. మన పిల్లల మ్యుటేషన్ ఆ జాబితాలో లేకపోతే, "ఏమీ లేదు" అన్న జవాబే వస్తుంది.

మా మిత్రుడు మేనమామ కూతుర్నే చేసుకున్నాడు. ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా చెడిన జన్యువు రావాలి. మేనరికంలో ఇద్దరికీ ఒకే పెద్దల నుంచి అదే అరుదైన జన్యువు వచ్చే అవకాశం ఎక్కువ. పాపకు రెండు వైపులా ఒకే అరుదైన మ్యుటేషన్ వచ్చింది. ఎవరి తప్పూ కాదు. ఆ ఇంట్లో తరాలుగా ప్రేమతో కలుపుకున్న సంబంధాలే అవి. కానీ తెలుసుకోవాల్సిన లెక్క మాత్రం ఉంది.

జబ్బు తెలిసింది సరే, మందు? అంత అరుదైన మ్యుటేషన్‌కు క్లినికల్ ట్రయల్ పెట్టాలంటే రోగులు ఎక్కడ దొరుకుతారు? ఇక్కడే నమూనా ఆదుకుంది. ఫిషర్ రకం ఎలుక థైరాయిడ్ కణాల్లో ఒక్కొక్క అరుదైన మ్యుటేషన్‌ను పెట్టి మందు వేసి చూస్తారు. మామూలు ప్రొటీన్ చేసే పనిలో కనీసం 10 శాతం మేర పెరుగుదల కనిపిస్తే స్పందించినట్టు లెక్క. ఆ ఆధారంతోనే 2017 మేలో ఐవాకాఫ్టర్‌కు 23 మ్యుటేషన్లను అదనంగా అనుమతించారు. ట్రైకాఫ్టాకు 2020 డిసెంబరులో 177 చేర్చారు. పాప మ్యుటేషన్ ఆ జాబితాలో ఉంది. 2021 జూన్‌లో ఆరేళ్ళు దాటిన పిల్లలకు కూడా అనుమతి వచ్చాక ఆ మందు మొదలుపెట్టింది. అప్పుడు దానికి పదకొండేళ్ళు.

ఒక జాబితా ఆ పిల్లను ఆరేళ్ళు కనపడకుండా దాచింది. ఇంకో జాబితా దానికి ఊపిరి ఇచ్చింది. రెండూ మనుషులు ఎంచుకున్నవే. నమూనాలో ఎవర్ని పెట్టాలి, దేన్ని పెట్టాలి అన్నది సైన్సులో చిన్న ప్రశ్న కాదని నాకు అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు రోగి నుంచే నమూనా తీసుకునే పద్ధతి కూడా వచ్చింది. నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్ బృందం 2013లో, పురీషనాళం నుంచి చిటికెడు కణజాలం తీసి, దాన్ని ప్రయోగశాలలో చిన్న పేగుబుడగల్లా పెంచి, గేటు తెరుచుకుంటే అవి ఉబ్బుతాయని చూపించింది. మందు వేసినప్పుడు ఎంత ఉబ్బాయో కొలిస్తే ఆ మందు ఆ రోగికి పనిచేస్తుందో లేదో అంచనా వేయొచ్చు. ప్రొటీనే తయారుకాని మ్యుటేషన్ ఉన్నవాళ్ళకు మాత్రం ఈ మందులేవీ పనిచేయవు. వాళ్ళ కోసం వెతుకులాట సాగుతూనే ఉంది. అందులో ఎలుక, ఫెర్రెట్, పంది, గిన్నెలోని కణం అన్నిటికీ ఇంకా పని ఉంది.

సభలకు వచ్చిన తల్లిదండ్రులకు, తాతమామ్మలకు నా మనవి ఒక్కటే. బిడ్డ చర్మం ఉప్పగా ఉన్నా, తిన్నది ఒంటికి పట్టకపోయినా, దగ్గు పదేపదే తిరగబెడుతున్నా, పుట్టినప్పటి పరీక్షలో ఏమీ లేదని వచ్చిందని ఊరుకోకండి. చెమట పరీక్ష చేయమని అడగండి. అవసరమైతే జాబితాతో సరిపెట్టకుండా జన్యువు మొత్తం చదివించమని అడగండి. "మీ వాళ్ళలో ఉండదు" అంటే, "మా వాళ్ళను ఎంతమందిని చూశారు?" అని మర్యాదగానే అడగండి.

ఆ పాప ఇప్పుడు హైస్కూల్లో ఉంది. కూచిపూడి నేర్చుకుంటోంది. తిల్లానా అయ్యేసరికి అందరు పిల్లల్లాగే ఒగరుస్తుంది, కాసేపటికి తేరుకుంటుంది. మొన్న ఫోన్లో అమ్మమ్మ నాతో అంది, "నేను పుట్టినప్పుడే చెప్పాను కదా బాబూ, పిల్ల ఉప్పగా ఉందని. ఎవరూ వినలేదు." నిజమే అమ్మమ్మగారూ. ఆ మొదటి పరీక్ష చేసింది మీరే.